నమిలిన అంచులు

కత్తెరమ్మ అసలు పేరు ఇంట్లోవాళ్లకి తప్ప ఎవరికీ గుర్తులేదు. చేతిలో ఒక కత్తెర, నోట్లో ఒక కత్తెర అని పాతికేళ్ల కిందట ఎవరో సరదాకి అన్నారు. ఆ మాటే పేరై కూర్చుంది. మూడంతస్తుల భవనంలో మెట్ల కింద ఆమె కొట్టు. కొట్టు అంటే ఒక కుట్టు మిషను, ఒక బల్ల, రెండు కుర్చీలు, గోడకి మూడు వరసల మేకులు. నిటారుగా నిలబడితే నెత్తికి మెట్లు తగిలేవి. అందుకని ఎంత పెద్ద ఉద్యోగం చేసేవాళ్లయినా అందులోకి వంగే రావాలి. "నా జాతకంలో దణ్ణాలు పెట్టించుకునే యోగం ఉంది, ఏం చేస్తాం" అనేది కత్తెరమ్మ నవ్వకుండా.

కొత్త బట్టలు కుట్టేది కాదు. చిరిగినవి అతకడం, బిగువైనవి వదులు చెయ్యడం, పొడుగువి కురచ చెయ్యడం ఆమె పని. "కొత్తవి కుట్టేవాళ్లు వీధికి పదిమంది. పాతవాటి ప్రాణం నిలబెట్టేవాళ్లేరీ?" అనేది. ఎక్కువగా వచ్చేవి బడి పిల్లల బట్టలు. ముప్ఫై ఏళ్లు వాటిని తిరగేసి మరగేసి చూడగా ఆమెకొక శాస్త్రం తయారైంది. మోకాలు చిరిగితే ఆ పిల్లవాడు బాగానే ఆడుతున్నట్టు. జేబు మూల ఊడితే రాళ్లూ మేకులూ మోస్తున్నట్టు. వీపు కుట్టు విడిపోతే వెనకనించి ఎవరో పట్టుకు లాగుతున్నట్టు. చొక్కా చేతి అంచు నమిలి ఉంటే మాత్రం కళ్లద్దాలు సర్దుకుని రెండోసారి చూసేది. నాని, ఆరి, మళ్లీ నాని గట్టిపడిన కఫ్. దాని మీద చిన్న చిన్న పంటిగాట్లు.

"ఈ పిల్లకి ఏదో భయం ఉందమ్మా" అనేది.

తల్లులు తెల్లబోయేవాళ్లు. సగానికి సగం సార్లు ఆమె చెప్పింది నిజమయ్యేది. ఆవులిస్తే పేగులు లెక్కపెట్టే మనిషని పేరొచ్చింది. ఆ పేరు ఆమెకి కూడా ఇష్టంగానే ఉండేది.

తన ఇంట్లోని భయాన్ని చూడటానికి ఆమెకి ఏ చొక్కా అంచూ అక్కర్లేకపోయింది. ఒక్కగానొక్క కూతురు మూడు వారాల జబ్బుతో పోయింది. కూతురు ఒక పెద్ద ఆసుపత్రి విచారణ కౌంటర్లో పనిచేసేది. రోజంతా మాటలే, ఇంటికొచ్చాకా మాటలే. పిల్లకి నీళ్లు పోస్తూ మాట్లాడేది, తల దువ్వుతూ మాట్లాడేది, పిల్ల నిద్రపోయాక కూడా వాక్యం పూర్తిచేసిగానీ లేచేది కాదు. ఆ పెంపకానికి పిల్ల కూడా గలగలమనేది. తల్లే దానికి చిలక అని పేరు పెట్టింది. తల్లి పోయిన రోజునించి చిలక బయటివాళ్ల ఎదుట నోరు విప్పలేదు. ఇంట్లో మూడు మాటలు, నాలుగు మాటలు, అవీ చెవిలో. గుమ్మం దాటితే అదీ లేదు. పదకొండు నెలలు గడిచాయి. పిల్లకి నాలుగేళ్లు నిండాయి. డాక్టరు పరీక్షలన్నీ చేసి, "గొంతులో ఏ లోపమూ లేదు. తోటి పిల్లల మధ్య పెట్టండి. ఆలస్యం చెయ్యకండి" అన్నాడు.

ఎక్కడ పెట్టాలి? మాట్లాడని పిల్లని ఉంచుకునే బడి ఏది? ఆ ఏడాది కత్తెరమ్మకీ ఆమె అల్లుడికీ ఉన్నది అదొక్కటే ప్రశ్న. పెద్ద బడిలో చేరేముందు రెండేళ్లు చదివించే ప్రైవేటు బడులు ఆ చుట్టుపక్కల చాలా వెలిశాయి. "బడికి ముందు బడి" అనేది వాటిని కత్తెరమ్మ.

"బడికి ముందు బడి ఏంటక్కా, దానికి ముందు పరీక్ష, ఆ పరీక్షకి ముందు ట్యూషను" అంది పక్క కొట్లో జిరాక్స్ తీసే ఆవిడ. ఆవిడ నోట్లో నువ్వుగింజ నానదు; అన్ని బడుల ఫారాలూ ఆవిడ మిషను మీదుగానే వెళ్లేవి. "నిన్న ఒకావిడ వచ్చింది. ఫారంలో పిల్లవాడి పేరు దగ్గర ఖాళీ. ఏమ్మా, పేరు రాయలేదే అంటే, ఇంకా పుట్టలేదండీ అంది."

"పుట్టాక వాడికీ ఒక జిరాక్స్ తీసివ్వు. ఒకడు బడికి పోతాడు, ఒకడు ఇంట్లో ఆడుకుంటాడు" అంది కత్తెరమ్మ. బల్ల కింద కూర్చుని గుడ్డపీలికలు రంగుల వారీగా పేరుస్తున్న చిలక తల ఎత్తలేదు.

నిజానికి చిలక పేరు కూడా ఒక ఫారంలో చాలాకాలం కిందటే ఎక్కింది. గడియారపు గోపురం ఉన్న బడి ఒకటుంది. అందరూ గంటల బడి అంటారు. కూతురు రోజూ బస్సులో దాని ముందునించి వెళ్లేది. పిల్లలు వరసలో నిలబడి పాడటం చూసి మనసు పడింది. చిలకకి ఏడాది నిండకముందే సెలవు పెట్టి, పొద్దున్నుంచి క్యూలో నిలబడి నంబరు చీటీ సంపాదించింది. ఆ చీటీ వెనక పిల్ల పేరు, పుట్టిన తేదీ ఆమే రాసింది. కూతురి చేతిరాత ఇంట్లో ఇంకా చాలాచోట్ల ఉంది గానీ, రాబోయే రోజు గురించి రాసినది అదొక్కటే. మిగతావన్నీ అయిపోయిన సంగతులు.

ఆ బడినించి ఉత్తరం వచ్చింది. ఫలానా రోజు పదింటికి పిల్లని తీసుకురావాలి. అల్లుడు లిఫ్టులు బాగుచేసే మెకానిక్. పనిలోంచి నేరుగా కొట్టుకి వచ్చి, వంగి లోపలికి దూరి, గ్రీజు అంటకుండా ఉత్తరాన్ని రెండు వేళ్లతో పట్టుకుని ఇచ్చాడు.

"ఏం చేద్దామంటారత్తయ్యా?"

"నువ్వేమనుకుంటున్నావు నాయనా?"

అతను కాసేపు మేకులకి వేలాడుతున్న చొక్కాల వంక చూశాడు. "లాండ్రీ పైన మేడబడి ఉంది కదా. మొన్న అక్కడ పక్క బిల్డింగులో లిఫ్టు పని పడితే ఎక్కి చూసొచ్చాను. చిన్నది. పన్నెండు మందే పిల్లలు. గోల లేదు. మీరూ ఒకసారి చూస్తే..."

"చూశాను."

"ఎప్పుడెళ్లారు?"

"వెళ్లక్కర్లేదు. ఇదిగో, ఇటు చూడు." కత్తెరమ్మ మేకుల మీదనించి నాలుగు తెల్లచొక్కాలు తీసి బల్లమీద పరిచింది. జేబు మీద గుండ్రటి గుర్తు, మేడబడిది. నాలుగింటిలో మూడింటికి చేతి అంచులు నమిలి ఉన్నాయి. ఒకదానికైతే కఫ్ దారపుపోగులై వేలాడుతోంది. "పన్నెండు మందిలో ముగ్గురి బట్టలు ఈ వారంలోనే వచ్చాయి. ఆ మేడమీద ఏం జరుగుతోందో నాకు తెలీదు. పిల్లలు మాత్రం సుఖంగా లేరు. గంటల బడివి ముప్ఫై ఏళ్లుగా కుడుతున్నాను. మోకాళ్లు చిరుగుతాయి, కాలర్లు మాస్తాయి. ఒక్క అంచు నమిలింది చూడలేదు."

"అక్కడి టీచరమ్మ మంచావిడలాగే ఉందండీ."

"మనుషులు అబద్ధం చెప్తారు నాయనా. గుడ్డ చెప్పదు."

తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్లు అనే రకం ఆమె. అల్లుడు వాదించలేదు. భార్య కోరుకున్న బడినే అత్తగారూ ఎంచిందన్న సంగతి అతనికి ఎక్కడో ఊరటగా కూడా ఉంది. ఉత్తరాన్ని చొక్కా జేబులో పెట్టుకుని, వంగి, బయటికి వెళ్లాడు.

గంటల బడిలో పొడుగాటి వరండా, నున్నటి నేల, గోడలనిండా బొమ్మలు. పది కుటుంబాలు కుర్చీల్లో వరసగా కూర్చున్నాయి. ఒక తండ్రి కొడుకు చెవిలో, "ఏనుగుకి కాళ్లెన్ని?" అని గుసగుసగా అడుగుతున్నాడు. "నాలుగు, నాలుగు, నాలుగు" అంటున్నాడు వాడు, అడగని వాటిక్కూడా కలిపి. చిలక పేరు పిలిచారు. ముగ్గురూ లోపలికి వెళ్లారు.

హెడ్‌మిస్ట్రెస్ చెడ్డ మనిషేం కాదు. కుర్చీలోంచి లేచి వచ్చి, చిలక ఎదుట మోకాళ్ల మీద కూర్చుని, అట్టముక్క మీద గొడుగు బొమ్మ చూపించింది. "ఇదేంటో చెప్తావా కన్నా?"

చిలకకి గొడుగు తెలుసు. ఇంట్లో ఉన్న పాత గొడుగు ఊచలు తనే లెక్కపెట్టింది. కత్తెరమ్మ కుర్చీ అంచున కూర్చుని ఆ పిల్ల పెదవుల వంక చూస్తూనే ఉంది. అవి కదల్లేదు. తర్వాత ఆకు బొమ్మ, పడవ బొమ్మ, ఎర్రరంగు, నీలిరంగు. ఆఖరుకి, "నీ పేరు చెప్తే చాలు" అంది హెడ్‌మిస్ట్రెస్ మెల్లగా. చిలక కుడిచెయ్యి పైకి లేచింది. కొత్తచొక్కా చేతి అంచు నోట్లోకి వెళ్లింది. పళ్ల మధ్య గుడ్డ కరకరమనడం ఆ నిశ్శబ్దంలో అందరికీ వినిపించింది.

"మాటలు వచ్చాక తీసుకురండి" అంది హెడ్‌మిస్ట్రెస్ లేచి. "తొందరేం లేదు. ఈమెకన్నా చిన్నపిల్లలే ఎక్కువమంది మా దగ్గర."

"మాటలు వచ్చమ్మా. నిండా ఉన్నాయి. బయటికి రావడం లేదంతే" అంది కత్తెరమ్మ.

"అర్థమైందమ్మా. మాకు ఒక్కో టీచరుకీ పాతికమంది. ఇలాంటి పిల్లలకి న్యాయం చెయ్యలేం. మీ నంబరు ఏడాదిదాకా అలాగే ఉంచుతాను. ఈలోగా ఇంకో బడిలో చేరిస్తే మాత్రం కొట్టేస్తారు, అది మా నిబంధన. ఇంట్లోనే ఉంచి, కాస్త మాటలు అలవాటు చేసి తీసుకురండి."

బస్సులో చిలక తండ్రి ఒళ్లో నిద్రపోయింది. తడిసిన చెయ్యి అతని మెడమీద ఉంది. అతను దాన్ని తియ్యలేదు.

"ఏడాదే కదత్తయ్యా" అన్నాడు చాలాసేపటికి.

ఆలస్యం చెయ్యకండి అన్న డాక్టరు మాట కత్తెరమ్మకీ గుర్తుంది, అతనికీ గుర్తుంది.

తర్వాతి వారం బ్యాంకులో గుమస్తాగా పనిచేసే ఒకావిడ అయిదేళ్ల కొడుకు చొక్కా తెచ్చిచ్చి, సాయంత్రం వస్తానని వెళ్లింది. మేడబడి చొక్కా. ఎడమచేతి అంచు నమిలి ఉంది, జేబు ఒకవైపు ఊడింది. జేబు తిప్పి కుట్టాలంటే ముందు గుర్తు విప్పాలి. కత్తెరమ్మ బ్లేడుతో ఒక్కో కుట్టూ తెంపి ఆ గుండ్రటి గుర్తు తీసింది. దాని కింద గుడ్డ ఎండ తగలక తెల్లగా ఉంది. ఆ తెల్లటి చోటులో ఇంకో వరస సూది బెజ్జాలు, గుండ్రంగా కాదు, డాలు ఆకారంలో. డాలు గుర్తు గంటల బడిది. ఒక మూల పాత దారం ముక్క చిక్కుకుని ఉంది. చివర రెండుసార్లు తిప్పి వేసిన ముడి. ఆ ముడి ఆమెదే. ఇంకెవరూ అలా వెయ్యరు.

ఆమె మిషను మీదనించి చేతులు తీసేసింది.

గుర్తొచ్చింది. డాలు గుర్తు తీసేసి గుండ్రటి గుర్తు వెయ్యండి అంటూ తల్లులు చొక్కాలు తెచ్చేవాళ్లు. ఈ రెండేళ్లలో ఏడెనిమిది మంది. దూరమనో, ఇల్లు మారారనో అనుకుంది. ఈ బ్యాంకు ఆవిడతోనే, "ఏమ్మా, గోపురం దిగి మేడెక్కారా?" అని హాస్యం కూడా ఆడింది. ఆవిడ పెదవులతో మాత్రమే నవ్వింది. మనుషుల మోకాళ్లూ జేబులూ చదివిన మనిషి తన సొంత చేత్తో వేసిన కుట్టు చదవలేదు.

సాయంత్రం ఆవిడ వచ్చాక కత్తెరమ్మ చొక్కా ఇవ్వకుండా కుర్చీ చూపించింది.

"ఒక మాట అడుగుతాను, ఏమీ అనుకోకమ్మా. బాబు ఈ అంచు నమలడం ఎప్పుడు మొదలుపెట్టాడు?"

ఆవిడ వీధి వంక ఒకసారి చూసి కూర్చుంది. "గంటల బడిలో ఉండగానే అండీ. రెండో నెలనించి."

"మరి అప్పుడు ఒక్కటీ నా దగ్గరికి రాలేదే?"

"మోకాలికి అతుకైతే ఫరవాలేదు గానీ, అక్కడికి నమిలిన అంచుకి అతుకేసి పంపితే బాగుండదు కదండీ. అంచు పాడైతే పారేసి కొత్తది కొనేదాన్ని. రోజూ డైరీలో రాసేవాళ్లు, చొక్కా నములుతున్నాడు, పాఠం వినట్లేదు అని. చివరికి పిలిచి, ఇంకో బడి చూసుకోండి అన్నారు. మర్యాదగానే అన్నారు."

"ఇక్కడో?"

"ఇక్కడ టీచరమ్మ ఏమీ అనదు. పాతవే వెయ్యండి, వాడికి అలవాటైన గుడ్డే ఉండనివ్వండి అంది. అందుకే మీ దగ్గరికి తెస్తున్నాను." ఆవిడ చొక్కా ఎడమచెయ్యి వేళ్లతో నిమిరింది. "ఇదివరకు రెండు చేతులూ నమిలేవాడు. ఇప్పుడు ఒకటే."

మర్నాడు పదింటికి కత్తెరమ్మ కొట్టు తియ్యలేదు. చిలకని జిరాక్స్ ఆవిడ దగ్గర కూర్చోబెట్టి ఒక్కతే మేడబడికి వెళ్లింది. కింద లాండ్రీ మిషన్ల చప్పుడు, సబ్బు వాసన. మెట్లెక్కితే రెండు గదులు. కింద ఆవిరికి కాబోలు నేల వెచ్చగా ఉంది, పిల్లలు చెప్పులు లేకుండా తిరుగుతున్నారు. ఒక పిల్ల బల్లకింద పడుకుని ఉంది. ఎవరూ దాన్ని లెమ్మనడం లేదు. టీచరమ్మ సన్నగా, కాస్త గూనిగా, అరవైకి దగ్గరగా ఉంది.

"మా మనవరాలు మాట్లాడదమ్మా" అంది కత్తెరమ్మ కూర్చోకుండానే. "వాళ్లమ్మ పోయినప్పట్నుంచి. చొక్కా నములుతుంది."

"సరే."

"సరే అంటే?"

"సరే అంటే సరేనమ్మా. ఎప్పుడు మాట్లాడుతుందని మాత్రం నన్నడక్కండి, నాకు తెలీదు. ఒకడు ఏడు నెలలు తీసుకున్నాడు. ఒకమ్మాయి ఇక్కడున్నన్నాళ్లూ మాట్లాడలేదు, పై బడికి వెళ్లాక మాట్లాడిందట." టీచరమ్మ ఆమెని తేరిపార చూసింది. "లిఫ్టుల పనిచేసే అబ్బాయి మీ అల్లుడేనా? రెండు నెలల కిందట వచ్చి, ఆ కిటికీ దగ్గర గంటసేపు నిలబడ్డాడు. మా అత్తగారిని తీసుకొస్తానన్నాడు. మీరు రాలేదేం?"

"మీ పిల్లల చొక్కాలు నేనే కుడతాను. అంచులు చూసి రాలేదు."

టీచరమ్మ నవ్వుతుందనుకుంది. నవ్వలేదు. "చాలామంది రారు" అంది. "ఈ పిల్లలతో పాటు తమ పిల్లలు కూర్చోవడం వాళ్లకి ఇష్టం ఉండదు. మీరు కుట్టేవారైతే నాకొక సాయం చెయ్యండి. కఫ్ బొత్తాలు చూస్తే నాకు భయం. ఊడితే మింగేస్తారు. అవి తీసేసి, అంచుకి మెత్తటి నూలుగుడ్డ రెండు పొరలు వెయ్యగలరా? ఎంత నమిలినా పోగులు ఊడకూడదు."

"నాలుగు పొరలు వేస్తాను" అంది కత్తెరమ్మ.

ఇంక చెయ్యాల్సింది అల్లుడితో మాట్లాడటం. అది ఆ మెట్లెక్కడం కన్నా కష్టమైంది. ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక జరిగిందంతా చెప్పింది. తను తప్పు చదివానని కూడా చెప్పింది. అలా ఒప్పుకోవడం అతను వినడం అదే మొదటిసారి. అతను లేచి వెళ్లి అలమరలోంచి నంబరు చీటీ తెచ్చి బల్లమీద పెట్టాడు, రాత ఉన్న వైపు పైకి.

"మేడబడిలో చేరిస్తే ఇది పోతుందత్తయ్యా."

"పోతుంది."

"అంతసేపు క్యూలో నిలబడింది. ఆ రోజు ఇంటికొచ్చి కాళ్లు నొప్పులంటూనే ఎంత సంబరపడిందో మీకు తెలుసు." అతను చీటీ అంచు వేలితో సర్దాడు. "తనుంటే ఏమనేదంటారు?"

కత్తెరమ్మ చీటీ వంక చూసింది. ఆ అక్షరాలు కాస్త కుడివైపు వాలి, తొందర తొందరగా ఉన్నాయి. కూతురి మాటల్లాగే.

"ఏమనేదో చెప్పాలని నాకూ ఉంది. చెప్తే నువ్వు నమ్ముతావు కూడా. కానీ నాకు తెలీదు నాయనా. తనుంటే ఈ పిల్ల గొడుగుని గొడుగనేది. ఆ గదిలోంచి మనం వేరేగా బయటికొచ్చేవాళ్లం. తను నిలబడింది ఆ పిల్లకోసం. ఇప్పుడున్నది ఈ పిల్ల."

గదిలో మూల చిలక గుడ్డపీలికలు పేరుస్తోంది. తర్వాత అతను గంటల బడికి ఉత్తరం రాశాడు, మూడు వాక్యాలు. నంబరు వదులుకుంటున్నామని. చీటీ మాత్రం అందులో పెట్టలేదు. వాళ్లు అడగలేదు కూడా.

సోమవారం చిలక తండ్రితో, అమ్మమ్మతో కలిసి మేడబడికి వెళ్లింది. పై మెట్టు దగ్గర తండ్రి వేలు వదల్లేదు. టీచరమ్మ దాన్ని విడిపించడానికి ప్రయత్నించలేదు. పక్కన మెట్టు మీద కూర్చుని తన పనేదో చేసుకుంది. పావుగంటకి చిలకే వదిలి, లోపలికి వెళ్లి, బల్లకింద ఉన్న పిల్లకి కాస్త దూరంలో కూర్చుంది.

"ఇంక వెళ్లండి. కింద నిలబడకండి, కిటికీలోంచి కనిపిస్తారు" అంది టీచరమ్మ.

కత్తెరమ్మ కొట్టుకి వచ్చింది. ఒక ప్యాంటు కురచ చెయ్యబోయి రెండు కాళ్లూ చెరొక పొడుగున కత్తిరించింది. ముప్ఫై ఏళ్లలో అలా ఎన్నడూ చెయ్యలేదు. జిరాక్స్ ఆవిడ వచ్చి చూసి, నోటిదాకా వచ్చిన మాట మింగేసి, వెనక్కి వెళ్లిపోయింది.

పన్నెండున్నరకి చిలకని తీసుకొచ్చింది. దారంతా మాటేమీ లేదు. కుడిచెయ్యి మోచేతిదాకా తడిసి ఉంది. నాలుగు పొరలూ నానిపోయాయి, ఒక్క పోగు కూడా ఊడలేదు. కొట్లోకి వచ్చాక చిలక ఆమె మెడ చుట్టూ చెయ్యి వేసి చెవిలో అంది.

"అమ్మమ్మా, రేపు కూడానా?"

వెళ్లాలని అడుగుతోందో, వద్దని అడుగుతోందో ఆ గొంతులో తెలియలేదు. కత్తెరమ్మ అలవాటుగా తడిసిన అంచు చేతిలోకి తీసుకుంది. చూస్తే ఎడమచెయ్యి పొడిగా ఉందో లేదో తెలుస్తుంది. చూడలేదు. వదిలేసింది.

"వెళ్లాలని ఉందా తల్లీ?"

చిలక ఆలోచించింది. వీధిలో ఒక బండి వెళ్లింది. పక్క కొట్లో మిషను నాలుగైదు కాగితాలు తీసి ఆగింది.

"ఇది తడిసిపోయింది" అంది చెయ్యి చాపి.

"ఇంకొకటి కుడతాను."

"ఊఁ" అంది చిలక. బల్ల కిందకి దిగి వెళ్లి, తెల్లటి పీలికలు ఏరడం మొదలుపెట్టింది. కత్తెరమ్మ మిషను ముందు కూర్చుని, దారం ఎక్కించి, చిలక అందిస్తున్న గుడ్డ అందుకుంది.